గుసగుస తెలియని సరంగు

మొన్న బరంపురంలో మందుల షాపు దగ్గర నా ముందు ఒకతను నిలబడ్డాడు. చీటీని నాలుగు మడతలు పెట్టి, అరచేతి కింద దాచి, బల్ల మీద మెల్లగా ముందుకు జరిపాడు. షాపతను విప్పి చూసి "ఎవరికి?" అన్నాడు. "మా మావయ్యకి" అన్నాడతను తల దించుకుని. చీటీ మీద మందు పేరు నా కంటబడింది. కొన్ని నెలలపాటు నేను మింగిన మాత్రే అది. అప్పట్లో నేనూ మావయ్యకనే చెప్పాను. నిజానికి నాకు మావయ్యలే లేరు.

మా సరంగు అన్నే అక్కడ ఉండుంటే ఆ షాపు అదిరిపోయేది. "మావయ్యకి ఎందుకురా, నీకే కదా, గట్టిగా సెప్పు!" అని వీధి వీధంతా వినబడేలా అరిచేవాడు. ఆయన పోయి మూడు నెలలైంది. ఆయన గురించి రాయాలని ఆ షాపు దగ్గరే అనుకున్నాను.

పేరు మాత్రం రాయను. బతికుంటే "నాను దొంగనేటి, నా పేరు దాస్తావు?" అని నా మీదికి లేచేవాడు. పేరు వద్దన్నది ఆయన భార్య. "పేరు రాస్తే మా ఊరోళ్ళు పేరే సదువుతారు బావూ, మిగిలింది సదవరు" అంది. సబబుగానే తోచింది.

మా ఇద్దరి జబ్బేమిటో కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత నసగక్కర్లేకుండా. నడివయసు దాటిన కొందరు మగవాళ్ళకి పురుషాంగం లోపల ఒక పక్క గట్టి మచ్చ కడుతుంది. బిగిసినప్పుడు అంగం ఆ పక్కకి వంగిపోతుంది. మొదట్లో నొప్పి, తర్వాత కాపురానికి ఇబ్బంది. డాక్టర్లు పెరోనీ జబ్బంటారు. అది అంటుకోదు. కాన్సరు కాదు. తిరుగుబోతుతనం వల్ల వచ్చేదీ కాదు. ఇంత చదివి సిగ్గుపడేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం కోపం లేదు. నేను మాత్రం ఆగను. ఆగి ఆగి చాలా పోగొట్టుకున్నాను.

నాది ఛత్రపూర్‌లో గుమాస్తా ఉద్యోగం. మా తాత రైల్వేలో పని దొరికి శ్రీకాకుళం వైపు నుంచి బరంపురం వచ్చాడు, అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, ఫైల్లో ఇంగ్లీషు. ఈ మూడు భాషల్లోనూ నా జబ్బు చెప్పుకోడానికి నాకొక్క మాట దొరకలేదు. ఆరు నెలలు దాచాను. మా ఆవిడకి నడుం నొప్పని చెప్పి ముందు గదిలో చాప వేసుకుని పడుకునేవాణ్ణి. చివరికి బరంపురంలోనే ఒక మూత్రవ్యాధుల డాక్టరు దగ్గరికి, ఆఫీసుకి సెలవు పెట్టి, తెలిసినవాళ్ళెవరూ చూడకుండా తువ్వాలు మొహానికి చుట్టుకుని వెళ్ళాను.

అక్కడ పేర్లు రాసుకునే అమ్మాయి ఒడియాలో పేరు, ఊరు, జబ్బు అడిగేది. నేను "షుగరు" అని రాయించాను. షుగరూ ఉంది లెండి, అబద్ధం కాదు. బెంచీ మీద కూర్చున్న ఏడెనిమిది మందిమీ ఎవరి మొహం ఎవరం చూసుకోకుండా ఎదురుగోడ మీద క్యాలెండరు చూస్తున్నాం.

అప్పుడు వచ్చాడాయన. బాగా పొడుగు. గళ్ళ లుంగీ, మోచేతుల పైకి మడిచిన చొక్కా, తలకి తువ్వాలు. వెనకాల పొట్టిగా ఆయన భార్య, చంకలో ఖాళీ చేపల గంప. అది పట్టుకునే లోపలికి వచ్చేసింది. బెంచీ అంతా ఎండుచేపల వాసన కమ్ముకుంది.

"జబ్బేంటి మౌసా?" అంది అమ్మాయి. మౌసా అంటే బాబాయి లాంటి పిలుపు.

"మగోడి సామాను బంకా హెయిగలా, అమ్మా" అన్నాడు ఆయన, సగం తెలుగు సగం ఒడియా కలిపి. వంకరైపోయిందని. "రాసుకో."

ఆ అమ్మాయి పెన్ను ఆగిపోయింది. బెంచీ మీదున్నవాళ్ళం క్యాలెండరు వదిలి పైకప్పు చూడటం మొదలెట్టాం. ఆయన వచ్చి సరిగ్గా నా పక్కనే కూర్చున్నాడు.

"నీకేటి బావూ?"

"షుగరు."

"షుగరుకి ఈ డాక్టరెందుకు? షుగరు డాక్టరు ఈ సందు సివర గదా." నా తువ్వాలూ మొహమూ ఒకసారి పరకాయించి చూశాడు. "ఓహో. నీకూ అదే!"

చచ్చిపోవాలనిపించింది. నిజంగా. "కొంచెం మెల్లగా మాటాడన్నా" అని బతిమాలాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"నాను సరంగుని బావూ, పడవ నడిపేవోణ్ణి. ఓ పక్క ఇంజిను, ఓ పక్క కెరటం. అక్కడ గుసగుసలాడితే ఎవుడికినిపిస్తాది? నలబై ఏళ్ళుగా అరిసి అరిసి ఈ గొంతు ఇంతకన్నా కిందికి దిగదు. నా గొంతు నీకు కష్టంగుంటే నీ సెవులు మూసుకో."

అలా పరిచయమైంది. రామయ్యపట్నం ఆయనది. కొన్నేళ్ళు కేరళ పడవల మీద పనిచేసి, తిరిగొచ్చి సొంత ఊళ్ళో పదిమంది కలిసి కొన్న పడవకి సరంగయ్యాడు. చదువు లేదు. డాక్టరు మాత్రం ఆయన్ని చూస్తే కుర్చీలోంచి లేచేవాడు. కారణం ఆయన తెచ్చిన తీగ.

ఎంత వంగిందో తెలియడానికి ఇంట్లో ఫోనుతో ఫొటో తీసుకుని రమ్మంటారు డాక్టర్లు. నేను సిగ్గుపడి తియ్యలేదు. "కొద్దిగా అండీ" అని చేత్తో గాల్లో ఏదో గీశాను. ఆయన ఫోను నమ్మలేదు. "ఫోను మా ఇంట్లో పదిమంది సేతులో ఉంటాది" అని, ఒక ఇనపతీగ ముక్క తీసుకుని, సరిగ్గా ఆ వంపు ఎంతుందో అంతే వంచి, దినపత్రికలో చుట్టి పట్టుకొచ్చాడు. డాక్టరు దాని మీద స్కేలు పెట్టి కొలిచి "ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పలేదు మౌసా" అన్నాడు. ఆ తర్వాత ప్రతి రాకకీ ఒక కొత్త తీగ. పాతవన్నీ ఇంట్లో మేకుకి వరసగా తగిలించుకున్నాడు. ఇంటికొచ్చినవాళ్ళు "ఇయ్యేటి?" అంటే, ఏమిటో చెప్పేవాడు. ఫోనులో ఫొటో వద్దనుకున్న ప్రయోజనం ఏమీ మిగల్లేదు.

డాక్టరు ఇంగ్లీషులో చెప్పి నాకు అర్థం కానిదాన్ని ఆయన బయటికొచ్చాక మూడు ముక్కల్లో చెప్పాడు. "వల సిరిగిందనుకో. ఓ పక్క గట్టి దారంతో అతుకేసినావు. ఆ అతుకు సాగదు. మిగతా వలంతా సాగుతాది. లాగితే వల ఏ పక్కకి పోతాది? అతుకు పక్కకే. మన లోపల అతుకు పడ్డాది బావూ, అంతే. ఎక్కడో సిన్న దెబ్బ తగిలినాది, ఒళ్ళు తనకి తానే కుట్టుకున్నాది, మోటుగా కుట్టుకున్నాది." ఇప్పటికీ నాకు అంతకన్నా బాగా తెలీదు.

మా ఇద్దరికీ ఆపరేషను అప్పుడే వద్దన్నాడు డాక్టరు. నొప్పి తగ్గేదాకా మాత్రలు. ఆ తర్వాత గట్టిపడ్డ చోట కొన్ని వారాలు ఇంజక్షన్లు. వాటితోపాటు సాగదీసే చిన్న పరికరం ఒకటి. రెండు సన్నని ఊచలు, ఒక పట్టీ. రోజూ కొన్ని గంటలు తగిలించుకోవాలి, మధ్యమధ్యలో తీసెయ్యాలి, నెలల తరబడి చెయ్యాలి. మెల్లగా లాగితే మచ్చ మెల్లగా వదులవుతుంది. పూర్తిగా తిన్నగా అవుతుందని మాట ఇవ్వనని కూడా చెప్పాడు డాక్టరు. ఆ మాట ఆయనకి నచ్చింది. బస్టాండు దగ్గర డేరా వేసిన వైద్యుడెవడో పదిరోజుల్లో బాణంలా చేస్తానని తైలం అంటగట్టాడట అంతకుముందు. "మాటిచ్చినోడు మోసం సేసినాడు, ఇవ్వనోడు మందిచ్చినాడు" అనేవాడు.

ఇక ఆయన చేసిన తప్పు గురించి చెప్పాలి, చెప్పకపోతే ఆయనకే కోపం వస్తుంది. జాలరి తప్ప మరొకడు చెయ్యడు ఆ పని. వల తొందరగా మునగాలంటే అంచుకి సీసం గుళ్ళు ఎక్కువ కడతారు కదా. పరికరం మెల్లగా లాగుతోందని విసుగొచ్చి, తొందరగా లాగాలని, వల గుళ్ళు నాలుగు తెచ్చి దానికి కట్టేశాడు. సాయంకాలానికి వాచిపోయింది. డాక్టరు తల పట్టుకుని మూడు వారాలు అన్నీ ఆపించేశాడు. ఇంకెవడైనా అయితే ఈ సంగతి గోతిలో పాతేస్తాడు. ఆయన బెంచీ మీద కూర్చున్న ప్రతి కొత్తవాడికీ చెప్పేవాడు.

"ఇనండర్రా. సీసం కట్టొద్దు. నాను కట్టినాను, గుమ్మడికాయైపోనాది."

మొదటిసారి ఆ మాట విన్నప్పుడు బెంచీ మీద ఒక ముసలాయన పకపకా నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, తనకి ఎప్పట్నుంచి ఉందో చెప్పడం మొదలెట్టాడు. నేను ఆ బెంచీ మీద ఎన్నో నెలలు కూర్చున్నాను. ఆయన లేని రోజున ఎవరూ నోరు విప్పేవారు కాదు.

మూడు వారాలయ్యాక మళ్ళీ మొదలెట్టాడు. ఒడ్డు మీద వలలు బాగుచేసే పాక ఉంటుంది. అందులో లుంగీ కింద పరికరం తగిలించుకుని, కాళ్ళు చాపుకుని, వలకి కుట్లు వేసుకుంటూ కూర్చునేవాడు. గంట తగిలించి పావుగంట తీసెయ్యాలి. గంట అయిందో లేదో గడియారం చూసేవాడు కాదు. రెండు కండెల దారం అయిపోతే గంట. నేనో? ప్యాంటు వేసుకుని ఆఫీసులో కూర్చునేవాణ్ణి, అక్కడ కుదరదు. ఇంట్లో స్నానాలగదిలో తలుపు గడియ పెట్టుకుని ఇరవై నిమిషాలు తగిలించుకుని, మా ఆవిడ "ఏటి సేస్తున్నావు ఇంతసేపు?" అని తలుపు కొడితే కంగారుగా పీకేసేవాణ్ణి. ఆయన తీగలు నెలనెలకీ తిన్నగా అవుతున్నాయి. నాకు మాత్రం ఏ మార్పూ లేదు.

"నీ నడుం నొప్పికి మందు రాస్తున్నాదా మరదలు?" అని అడిగాడొకసారి.

"రోజూ రాస్తుంది."

"సిగ్గు నేదా నీకు? మంచి నడుముకి మందు రాయించుకుంటావు, మందు కావలసింది దాస్తావు. ఆ పిల్ల సేతులు నొప్పెట్టవా?" అని నన్ను కడిగేశాడు. ఆయన భార్య పక్కనుంచి "పోనీ ఒగ్గీయండి, పాపం" అంటే, "పాపం ఈడు కాదే, ఈడి పెళ్ళాం" అన్నాడు.

అంత ధైర్యస్థుడికి కూడా ముప్పు వచ్చింది. పాకలో కూర్చుని అందరికీ చెప్పుకున్నాడు కదా. చెప్పిన మాట ఒకలా ఉంటే ఊరంతా తిరిగొచ్చేసరికి మరోలా అయింది. కేరళలో ఉన్నప్పుడు ఎవతె దగ్గరో చెడ్డ రోగం అంటించుకొచ్చాడని పుట్టించారు. వేసవిలో రెండు నెలలు చేపల వేట నిషేధం. అది తీరాక తొలి వేటకి ముందు గంగమ్మ పూజ. సరంగూ, అతని భార్యా కలిసి పడవ ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాలి. కాయ కొట్టినవాడే ఆ ఏడాది సరంగు. చెడ్డ రోగం ఉన్నవాడు గంగమ్మ పడవని ముట్టకూడదని కులపెద్ద అన్నాడు. కాయ కొట్టకపోతే పడవ పోయినట్టే. ఆయనకి పడవ తప్ప వేరే బతుకు లేదు.

నాకు ఫోను చేశాడు. "బావూ, ఓ పాలి రావాల. డాక్టరు కాయితం ఇంగ్లీషులో ఉన్నాది. మా ఓళ్ళకి సదివి సెప్పాల."

వెళ్ళాను. రేవు దగ్గర సిమెంటు గట్టు మీద పెద్దలు కూర్చున్నారు. మగవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్ళు అవి వదిలేసి దూరంగా గుమిగూడారు. కులపెద్దకి తెల్లటి బుర్రమీసాలు. మాటాడేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. "తడిబట్టలతో పసుపునీళ్ళ సెంబు పట్టుకోని, పరాయి ఆడదాన్ని ముట్టనేదని గంగమ్మ మీద ప్రమాణం సెయ్యి. సేస్తే కాయ నీదే" అన్నాడు.

చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. తేలికైన దారే కదా. ముట్టలేదు, ప్రమాణం చేస్తాడు, అయిపోతుంది. నేనూ అదే అనుకున్నాను.

"సెయ్యను" అన్నాడాయన.

"ఏటి?"

"సెయ్యను. నీకు జొరమొస్తే ప్రమాణం సేసినావా? ఈడికి కంట్లో పువ్వొస్తే ప్రమాణం సేసినాడా? జబ్బొచ్చినోడు మందు తింటాడు, ప్రమాణం సెయ్యడు. ఇయ్యాల నాను సెంబు ముట్టుకున్నానంటే, రేపు ఈ జబ్బొచ్చిన ప్రతీవోడూ సెంబు ముట్టుకోవాల. నా పడవ పోతే పోనీ. సెంబు మాత్రం ముట్టుకోను." ఆ గొంతు రేవు అవతలి పడవలదాకా వెళ్ళింది. చేతిలో మొదటి తీగా, కడపటి తీగా ఉన్నాయి. రెండూ పైకెత్తి చూపించాడు. "ఇది మందుకి ముందు. ఇది మందుకి తరవాత. ప్రమాణానికి తగ్గినాదా ఇది?"

నన్ను కాగితం చదవమన్నారు. చదివాను. అంటుకునేది కాదని, సుఖరోగం కాదని, మందులతో నయమవుతోందని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. అప్పుడు కులపెద్ద కళ్ళు తెరిచి నా వైపు చూశాడు.

"మీరు సదువుకున్నోరు బావూ. మీ ఎరికలో మర్యాదస్తులెవుళికైనా ఇది వచ్చినాదా?"

ఒక్క మాట చాలు. "నాకు వచ్చింది" అంటే చాలు. ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు, సర్కారీ ఉద్యోగం, అన్నీ ఉన్న మర్యాదస్తుణ్ణి ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదని నాకు తెలుసు. నన్ను ఇబ్బంది పెట్టకూడదని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పుస్తకాల్లో ఉందండి" అన్నాను నేను. ఛీ.

ఆడవాళ్ళ గుంపులోంచి ఆయన భార్య వచ్చింది. గంప పక్కన పడేసి గట్టు ఎక్కేసింది. ఆ గట్టు మీద ఆడవాళ్ళు ఎక్కరట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

"నా మొగుడి సంగతి నన్నడక్కుండా ఈ బావునడుగుతారేటి? నొప్పన్నాడు, నాను సూసినాను. డాక్టరు కాడికి నానే లాక్కెల్లినాను. పట్టీ ఎట్టుకోడం రాకపోతే నానే ఎట్టినాను. నాకు నేని అసియ్యం మీకెందుకు? మీలో ఎవుడి పెళ్ళానికి మీ ఒంటి సంగతి ఇంత తెలుసో సెప్పండి సూద్దాం!"

ఆడవాళ్ళలో ఎవరో ఒక ముసలమ్మ "బాగా సెప్పినావే తల్లీ" అని గట్టిగా అంది. ఇంకొకామె నవ్వింది. ఆ నవ్వు పాకింది. మగవాళ్ళు నేలచూపులు చూశారు. కులపెద్ద కళ్ళు మూసుకుని, "సరే, కాయ కొట్టుకో" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయనా భార్యా కలిసి పడవకి పసుపు రాశారు. కాయ ఒక్క దెబ్బకి పగిలిందని ఫోనులో చెప్పాడు, అదేదో తన గొప్పన్నట్టు.

గట్టు దగ్గర్నుంచి బస్సుదాకా ఆయన నాతో నడిచి వచ్చాడు ఆ రోజు. "అన్నా, నేను చెప్పలేకపోయాను" అన్నాను. ఏడుపొచ్చేస్తోంది నాకు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అబద్దం సెప్పనేదు గదా, పుస్తకాల్లో ఉన్నాది" అన్నాడు. కొంచెం దూరం నడిచాక ఆగాడు. "ఇంటికాడ సెప్పు ముందు. ఊరి సంగతి ఊరు సూసుకుంటాది."

మర్నాడు పొద్దున్నే, మా ఆవిడ దోసెలు పోస్తుంటే, వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పేశాను. అట్లకాడ అలాగే చేతిలో పట్టుకుని విన్నది. దోసె మాడింది. "ఇన్నాళ్ళూ నీ నడుముకి మందు రాయించుకున్నావు నాసేత!" అంది. ఆ తర్వాత గోడకి జారగిలబడి ఏడ్చింది. "ఆపీసులో ఎవత్తో ఉందనుకున్నాను. ఎవత్తో తెలీక రోజూ సచ్చినాను" అంది. ఏడాదికి పైగా ఆమె మనసులో ఏముందో నాకు అప్పటిదాకా తెలీదు. నా సిగ్గు కాపాడుకోడానికి ఆమెని అంత బాధలో పెట్టాను. నాకు ఆ వేళే నా మీద నిజంగా అసహ్యం వేసింది.

ఆ తర్వాత నుంచీ డాక్టరు దగ్గరికి ఆవిడా వచ్చేది. ఆడవాళ్ళిద్దరూ బెంచీ చివర కూర్చుని చేపల గురించి మాటాడుకునేవారు. ఇంట్లో తలుపు గడియ పెట్టుకోవడం మానేశాను. పరికరం తగిలించుకుని ఆదివారాలు టీవీ ముందు లుంగీ కట్టుకుని కూర్చునేవాణ్ణి. నాకూ నెమ్మదిగా తగ్గింది. పూర్తిగా కాదు. ఆయనకీ పూర్తిగా తగ్గలేదు. ఇక ఆపరేషను అక్కర్లేదు, కాపురానికి ఇబ్బంది లేదు, చాలన్నాడు డాక్టరు. "ఇంకా కాస్త వంకరుంది కదా మౌసా, పర్లేదా?" అని అడిగితే, "నా ముక్కు తిన్నగా ఉన్నాదేటి బావూ? యాబై ఏళ్ళుగా దాంతోనే గాలి పీలుస్తున్నాను" అన్నాడు. డాక్టరు చాలాసేపు నవ్వాడు.

మూడు నెలల కిందట, వేట నుంచి వచ్చి పడవని ఇసక మీదికి లాగుతూ, పట్టుకున్న తాడు వదలకుండానే కూలబడిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఆయన భార్య ఫోను చేసి "బావూ, మీ అన్న ఎల్లిపోనాడు" అని ఒక్క మాటే అంది. ఆ రోజు నేను చాలా ఏడ్చాను. సొంత అన్న పోయినా అంత ఏడవనేమో.

పెద్దకర్మకి మేమిద్దరం వెళ్ళాం. ఇసక మీద షామియానా వేసి, చాపలు పరిచి, భోజనాలు పెట్టారు. మగవాళ్ళ వరసలో నేను కూర్చున్నాను. ఎదురు వరసలో కులపెద్ద. నా పక్కన ఇద్దరు, ఆయన పడవ మీద పనిచేసినవాళ్ళే, చేపల పులుసు కలుపుకుంటూ మాటాడుకుంటున్నారు.

"ఆ రోగమే ఆణ్ణి తినేసినాది."

"ఎంత మందులాడినా, కేరళలో తగిలించుకున్నాది ఊరికే పోతాదేటి?"

మొదటివాడు ముసిముసిగా నవ్వాడు. ఆయన తిండి తింటూ, ఆయన ఇంటి ముందు కూర్చుని, మెల్లగా, చెవిలో చెప్పుకుంటున్నట్టు. ఆయన బతికుండగా ఎదురుగా అనడానికి ధైర్యం చాలని మాట.

లేచాను. చేతికి అన్నం అలాగే ఉంది.

"ఆయన గుండె ఆగి పోయాడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అంత పైకి ఎప్పుడూ వెళ్ళలేదు అది. షామియానా అంతా ఇటు తిరిగింది. ఆడవాళ్ళ వైపు మా ఆవిడ లేచి నిలబడటం కనబడింది. "ఆ జబ్బుతో ఎవరూ చావరు. ఆ జబ్బు నాకూ ఉంది. నేను కేరళ వెళ్ళలేదు, పరాయి ఆడదాన్ని ముట్టలేదు. ముట్టినా ముట్టకపోయినా అది వేరే సంగతి, దానివల్ల ఈ జబ్బు రాదు. ఆయన వాడిన మందులే నేనూ వాడాను. ఆయన పెట్టుకున్న పట్టీయే నేనూ పెట్టుకున్నాను. నాకు తగ్గింది. ఆ రోజు గట్టు మీద మీరు నన్నడిగితే పుస్తకాల్లో ఉందన్నాను. పిరికివాణ్ణి కాబట్టి అన్నాను. ఇప్పుడడగండి. ఎవరడుగుతారో అడగండి!"

వడ్డించేవాడు పులుసు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పక్కవాళ్ళిద్దరూ విస్తట్లోకి తలలు దించుకున్నారు. నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేవలేనని భయం వేసింది.

ఎదురు వరసలో కులపెద్ద విస్తరి మీద చెయ్యి కడుక్కున్నాడు. సగం అన్నం అలాగే ఉంది. మెల్లగా లేచాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"ఆ డాక్టరు ఏయే వారాలు సూస్తాడు బావూ?"

మెల్లగా అడగలేదు. అందరికీ వినబడేలాగే అడిగాడు.

"మంగళవారం, శుక్రవారం" అన్నాను. "ఎవరికి?"

ముసలాయన తన వరస అంతా ఒకసారి చూశాడు, ఈ చివర నుంచి ఆ చివరదాకా.

"నాకే" అన్నాడు.